గడప ముందు నలభై గొడ్డళ్లు

వెలిగంధపురంలో తలుపులు తెరిస్తేనే తెల్లవారుతుందని చెప్పుకునేవారు. అందులో అబద్ధం తక్కువే. ఆ ఊరి తలుపులకు ఇత్తడి బొడిపెలు ఉండేవి. ఇల్లాళ్లు వాటిని చింతపండు పెట్టి తోమి తోమి అద్దాలు చేశారు. పొద్దున్నే వీధివీధంతా తలుపులు ఒక్కసారి తెరుచుకుంటే, ఆ తళుకు చూసి ఎదురుగా ఉన్న నెమలిగుట్ట మీది నెమళ్లు మెరుపు మెరిసిందనుకుని పురి విప్పేవి. సూర్యుడు ఆ తర్వాత తీరిగ్గా వచ్చేవాడు.

ఇక గడపల సంగతి. మద్దిమానుతో చెక్కిన గడపలు, మోకాలెత్తువి. తరతరాలుగా పూసిన పసుపు వాటి మీద వేలెడు మందాన పేరుకుపోయింది. ఒక కరువు ఏట ఆ పసుపే గోకి ఆరు నెలలు కూరల్లో వేసుకున్నారు. ఆ కూరలు తిన్నవారి మునిమనవళ్ల పళ్లు ఇప్పటికీ పచ్చగానే ఉంటాయి. కావాలంటే నవ్వించి చూసుకోవచ్చు.

ఆ ఊళ్లో పిలవని మనిషి గడప దాటడు. వచ్చినవాడు బయట నిలబడి "ఇంట్లో ఎవరండీ?" అనాలి. ఇంటివారు చెంబుతో నీళ్లు తెచ్చి కాళ్ల మీద పోయాలి. కాళ్లు తడిసినవాడు అతిథి. అతిథికి ఆకు వేయాలి, అతిథి తినాలి. ఆకులో వడ్డించింది తప్ప ఆ ఇంట్లో గడ్డిపోచనైనా అతిథి చెయ్యి తాకరాదు. ఈ కట్టు రాజుల కంటే పాతది. వెలిగంధ వంశపు మొదటి రాజు ఆకలితో తూలుతూ ఈ ఊరికి వచ్చి, ఒక గడప ముందు నిలబడి, కాళ్లు కడిగించుకుని, గంజి తాగి, ఆ తర్వాతే కత్తి పట్టాడు. అందుకే పట్టాభిషేకం నాడు ఏ రాజైనా కిరీటం తీసి చేత పట్టుకుని ఒక పేదింటి ముందు నిలబడాలి. ఇప్పటి మహారాజు కీర్తిభానుడు అలా కావళ్ల వీధిలో పోలవ్వ ఇంటి ముందు నిలబడ్డాడు. పోలవ్వ పేడచేతులు కడుక్కుని వచ్చేసరికి గడియ సేపు పట్టింది. ముప్పై ఏళ్లుగా ఆ గడియ గురించి పోలవ్వ చెబుతూనే ఉంది. చెప్పిన ప్రతిసారీ ఆనాటి ఎండ కొంచెం ముదురుతూనే ఉంది.

ఆ పోలవ్వ కొడుకే మన కావడి తిప్పన. తిప్పన భుజాన కావడి ఎక్కిందంటే గుర్రం పక్కకు తప్పుకునేది. కుండలో చుక్క తొణికేది కాదు.

కిందటి వారం తిప్పన మంత్రి ధూమ్రనేత్రుడి మేడకు నీళ్లు పోయడానికి వెళ్లి, వంటింటి అటక మీద ఒక జాడీ "దాహం... దాహం..." అని మూలగడం విన్నాడు. ఆ గొంతు తెలియనివాడు ఆ రాజ్యంలో లేడు. అది మహారాజు గొంతు! మంత్రి ఉట్టి మంత్రి కాదనీ, మాంత్రికుడనీ, రాజు కంఠాన్ని లాగి జాడీలో పెట్టి లక్క వేశాడనీ, ఆరు నెలలుగా సింహాసనం మీద తలాడిస్తున్న రాజు నోరులేని బొమ్మ అనీ తిప్పనకు ఆ జాడీయే చెప్పింది. రాజు గోరు తగిలితే తప్ప ఆ లక్క ఊడదట. తిప్పన ఆలోచించలేదు. ఒక వైపు కుండ దింపి, ఆ చోట జాడీని పెట్టుకుని వచ్చేశాడు. జాడీ ఇప్పుడు పోలవ్వ ఇంట్లో జొన్నల గంప వెనక ఉంది. చప్పుడైతే చాలు, "ఎవరక్కడ!" అని గర్జిస్తుంది. "నేనేనయ్యా, ముసల్దాన్ని. అట్టా అరవమాకండి, పక్కింటోళ్లు వింటారు" అని పోలవ్వ దాని మీద దుప్పటి కప్పుతుంది.

ధూమ్రనేత్రుడికి జాడీ పోయిందని తెలుసు. ఎక్కడికి పోయిందో తెలియదు. ఆరుబయట పొగ లేచిన ప్రతిచోటా అతనికో కన్ను, ఒక చెవి ఉన్నాయి. కానీ అతని పొగ కూడా పిలవకుండా ఏ గడపా దాటలేదు. ఆ కట్టు అంత గట్టిది. కట్టు తెగాలంటే తలుపు పగలాలి. తలుపు పగలాలంటే ఉత్తర్వు కావాలి.

ఆ ఉత్తర్వు ఆ ఉదయమే రాజుగారి పేరు మీద వచ్చింది.

"డబ డబ డబ! ఇందుమూలంగా తెలియజేయడమేమనగా!" అని దండోరా మాచడు కావళ్ల వీధి మొదట్లో గొంతెత్తాడు. "ఇదివరకు జప్తు భటులు గడప బయట నిలబడి మూడుసార్లు పిలిచేవారు, ఇంటివారు బయట పెట్టిందే పట్టుకుపోయేవారు. ఇకమీదట పిలవనక్కర్లేదు! బాకీ ఉన్నా లేకపోయినా, అనుమానం వస్తే చాలు, తలుపు పగలగొట్టి లోపలికి రావచ్చు! గాదెలూ గంపలూ జాడీలూ విప్పి చూడవచ్చు! అడ్డం వచ్చినవారిని కట్టి పడేయవచ్చు! మధ్యాహ్నం గంట కొట్టగానే ఈ వీధి నుంచే మొదలు! డబ డబ డబ!"

జాడీలు అన్న మాట దగ్గర తిప్పన భుజం మీది కావడి మొదటిసారి తొణికింది.

గడియలో జనమంతా దిగుడుబావి దగ్గర పోగయ్యారు. మెట్టు మెట్టు మీదా మనుషులు. కిందినుంచి చూస్తే బావి పైకి పొంగినట్టుంది.

"ఊరికే గోల గానీ, మన ఇళ్లల్లో దాచిందేముంది?" అన్నాడు నూనె కొమ్మయ్య, ఊళ్లో పెద్ద గానుగ అతనిదే. "వస్తారు, చూస్తారు, పోతారు. దాచుకున్నోడు కదా భయపడాల్సింది!"

"అట్టాగా బావా?" అంది గాజుల రంగసాని, భుజం మీది గాజుల మలారం దింపి. "అయితే నీ పంచె విప్పి ఈ మెట్టు మీద నిలబడు. దాచిందేముంది?"

బావి బావంతా నవ్వింది. కొమ్మయ్య రెండు చేతులా పంచె పట్టుకుని కూర్చున్నాడు.

నవ్వు ఆగాక పోలవ్వ లేచింది. నోట్లో చుట్ట, అడ్డచుట్ట, నిప్పు నోటి లోపల. చుట్ట తీసి చేతిలో పట్టుకుంది. "నా ఇంట్లో ఏముంది? రెండు కుండలు, ఒక చాప, ఒక జా..." అని ఆగి దగ్గింది. "ఒక జల్లెడ. అంతే. ఏమీ లేదు. కానీ ఆ ఏమీ లేకపోవడం నాది. దాన్ని చూడాలంటే నన్నడగాలి. కిరీటం పెట్టే తల నా గడప ముందు వంగి అడిగింది. గొడ్డలి పట్టే చెయ్యి అడగలేదా?"

"అడగదే అమ్మా, అడగదు!" అన్నాడు తిప్పన ఉడికిపోతూ. "కావడి బద్దలు తీయండి! వీధి మొగలోనే ఆపుదాం!"

"కూర్చోరా, వీరుడు బయల్దేరాడు. నలభై గొడ్డళ్లకి నీ వెదురు బద్ద అడ్డమా? వాళ్లెవరనుకున్నావు? పరదేశం నించి దిగారా? అందరూ ఈ ఊరి తల్లుల కడుపున పుట్టినోళ్లే. వాళ్ల బుర్రల్ని మంత్రి కొనుక్కున్నాడేమో గానీ కాళ్లని కొనలేదు. చెంబు కనబడితే ఆ కాళ్లు వాటంతటవే చెప్పులు విడుస్తాయి. కాళ్లు తడిపితే వాళ్లు చుట్టాలు. చుట్టం జప్తు చేస్తాడా?"

జనానికి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. అర్థమయ్యాక లేచిన కేకకు బావిలోని తాబేళ్లు అడుక్కి మునిగిపోయాయి.

అయితే పోలవ్వ ఒక తప్పు చేసింది. అంత రహస్యం చెబుతూ చేతిలో చుట్ట ఆర్పలేదు. ఆ పొగ సన్నగా లేచి, మెలికలు తిరిగి, గాలికి ఎదురుగా మంత్రి మేడ వైపు పోయింది. దాన్ని చూసినవాడు తిప్పన ఒక్కడే. "అమ్మా, చుట్ట!" అని అతను అరిచేలోపే బావి గుటకేసింది. ఎవరో అడుగునుంచి గొట్టం పెట్టి పీల్చినట్టు నీళ్లన్నీ లోపలికి పోయాయి. తాబేళ్లు బురదలో నోళ్లు తెరుచుకుని నిలిచాయి. అదే బావి నీళ్లు నింపుకున్న ఇళ్లల్లోని కుండలూ కాగులూ చెంబులూ ఒక్కసారే ఖంగుమని మోగి ఎండిపోయాయి.

పోలవ్వ చుట్ట వైపు చూసింది. దాన్ని బురదలోకి విసిరేసింది. "నా నోరు పడ! ఒరే తిప్పా, గుట్టలో పులిదోన మడుగు ఎంత దూరం?"

"మూడు కోసులు."

"మధ్యాహ్నానికి ఎంతసేపుంది?"

"రెండు గడియలు."

"మరి నిలబడి లెక్క చెబుతావేంరా?"

తిప్పన ఊళ్లోకెల్లా పెద్ద కుండలు రెండు కావడికి తగిలించాడు. ఒక్కో కుండలో ఏనుగుపిల్ల స్నానం చేయవచ్చు. పరుగు అందుకున్నాడు. అతని వెనక దుమ్ము లేచింది గానీ, అతన్ని అందుకోలేక సగం దారిలోనే కూర్చుండిపోయింది.

నెమలిగుట్ట కడుపులో రెండు బండల మధ్య ఉంటుంది పులిదోన. పైన మొగలిపొదలు గొడుగు పడతాయి, పక్కన నాచు పచ్చని పట్టు పరిచినట్టుంటుంది. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే, అడుగున చేప కన్ను ఆర్పితే పైన కనిపిస్తుంది. తిప్పన రెండు కుండలూ ముంచాడు. కావడి భుజానికెత్తాడు. అప్పుడు ఎదురుగా దారి మధ్య పొగ గడ్డ కట్టింది.

గడ్డ కట్టి పంది అయింది. అడవిపంది! ఇల్లంత ఒళ్లు, నిప్పుకణికల్లాంటి కళ్లు, బొగ్గు కోరలు. ముట్టె నేలకు ఆన్చి దూకింది. తిప్పన పక్కకు తప్పుకున్నాడు. పంది వెళ్లి బండకు కొట్టుకుని పొగై చెదిరి, మళ్లీ పందై తిరిగింది. తిప్పన బొంగరంలా తిరిగాడు. కావడి రెండు కొసలా కుండలు గిరగిర తిరిగి పంది చెవుల మీద ఈ పక్కా ఆ పక్కా తగిలాయి. నీళ్లు తగిలిన చోటల్లా చుయ్‌మని బూడిద రాలింది. అది గమనించాడు తిప్పన. పంది మూడోసారి నోరు తెరిచి మీదికి రాగానే కుడివైపు కుండ ఎత్తి దాని నోట్లో బోర్లించాడు. చుయ్యిమన్న చప్పుడుకు గుట్టంతా అదిరింది. పంది ఉన్న చోట బురద ముద్ద మిగిలింది, దాని మీద రెండు తడి బొగ్గులు.

వేడికి ఆ కుండ ముక్కలైంది, మళ్లీ ముంచడానికి లేదు. పెంకులు పారేసి, ఆ వైపు అంత బరువున్న రాయిని కట్టి, తిప్పన గుట్ట దిగాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని కాళ్లు నేలకు మొత్తం పదిహేడు చోట్లే తగిలాయని కింద గొర్రెలు కాస్తున్నవాళ్లు లెక్కపెట్టి చెప్పారు.

ఊళ్లో నూనె కొమ్మయ్య గానుగ గరిటె పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "పొద్దున ఏదో వాగాను, తిప్పన్నా. ఇలా దింపు. నూనె కొలిచే చెయ్యి నాది, చుక్క పోనివ్వను." ఒక్క కుండ నీళ్లను ఇంటికి గరిటెడు చొప్పున అతను కొలిచి పోశాడు. వీధి చివరి ఇంటికి పోసేసరికి కుండలో నాచు పోగు ఒకటి మిగిలింది.

మధ్యాహ్నం గంట మోగింది.

నలభై గొడ్డళ్లు వీధిలోకి మలుపు తిరిగాయి. ముందు జప్తు నాయకుడు గండశిలుడు. ఏడడుగుల మనిషి. అతని మీసాల మీద పిచ్చుకలు వాలితే, అవి ఎగిరిపోయేదాకా నవ్వకుండా నడిచేవాడు. వీధిలో ఒక్క తలుపూ మూసి లేదు. ప్రతి గడప మీదా ఒక ఇల్లాలు కూర్చుని ఉంది. ప్రతి చేతిలో చెంబు. ఎవరూ అరవలేదు, ఎవరూ ఏడవలేదు. అంత నిశ్శబ్దం గండశిలుడు యుద్ధాల్లో కూడా చూడలేదు.

అతను పోలవ్వ ఇంటి ముందు ఆగి గొడ్డలి ఎత్తాడు. గడప వెనక నిలబడిన తిప్పన పిడికిళ్లు బిగించాడు. అతని వీపు వెనక గంప, గంప వెనక జాడీ.

"ఎవర్రా అది ఎండలో? ఓరి, మన చెరుకుల మంగి కొడుకువు కదూ!" అంది పోలవ్వ. "ఇంత పొద్దెక్కి వచ్చావేం నాయనా, మొహమంతా వాడిపోయింది. కాళ్లు కడుక్కో."

గండశిలుడి నోరు "పగలగొట్టండి!" అనడానికి తెరుచుకుంది. ఈలోగా అతని కుడికాలు చెప్పు విడిచింది. ఎడమకాలు దానికి తోడు వచ్చింది. రెండు కాళ్లూ బుద్ధిగా చెంబు కిందికి పోయి నిలిచాయి. పులిదోన నీళ్లు చల్లగా జారాయి. గండశిలుడు కిందికి చూసుకున్నాడు. తన కాళ్లు తననే మోసం చేసినట్టు చూశాడు.

వీధి పొడుగునా చెప్పులు విడిచిన చప్పుడు వినిపించింది, వాన మొదలైనట్టు. నలభై జతలు.

"అవ్వా..." అన్నాడు గండశిలుడు నీరసంగా. "ఎంత పని చేశావు."

"నేనేం చేశాను? నీళ్లు పోశాను. లోపలికి రా. గొడ్డలి బయట పెట్టు, అన్నం తినేటప్పుడు అడ్డం."

పొద్దున వండిన జొన్నన్నం, గోంగూర పచ్చడి, చేతి గుద్దుతో పగలగొట్టిన ఉల్లిపాయ. గండశిలుడు మొదట తలవంచుకుని తిన్నాడు. రెండో ముద్దకు మీసం తుడుచుకున్నాడు. నాలుగో ముద్దకు "కొంచెం పచ్చడి" అన్నాడు. పక్కిళ్లల్లోంచి కూడా అవే మాటలు. "ఇంకొంచెం వేసుకో", "చాలు పిన్నీ", "చాలంటే ఎట్టా, గొడ్డలి మొయ్యాలిగా!"

మజ్జిగ పోయడానికి పోలవ్వ ముంత దించింది. ముంత అంచు తగిలి మూకుడు గణగణమంది.

"ఎవరక్కడ!" అని గంప వెనకనుంచి గర్జన.

గండశిలుడి చేతిలో ముద్ద ఆగిపోయింది. తిప్పన గోడకున్న కావడి బద్ద అందుకున్నాడు.

"ఆ గొంతు..." అన్నాడు గండశిలుడు లేవబోతూ. "నాకు కత్తి కట్టిన రోజు విన్నాను. ఆరు నెలలుగా మళ్లీ వినలేదు."

"గండశిలా!" అంది జాడీ. "నా రాజ్యంలో ఎవరి గడప మీద గొడ్డలి ఎత్తావు?"

ఏడడుగుల మనిషి ఎంగిలి చేత్తోనే నేల మీద సాగిలపడ్డాడు. "ప్రభూ! తమరి ఉత్తర్వే..."

"నేనివ్వలేదు. కిరీటం చేత్తో పట్టుకుని ఈ గడప బయట గడియ సేపు నిలబడి, రమ్మంటే వచ్చినవాణ్ణి నేను. నాకే లేని హక్కు నీకెలా ఇస్తానురా?"

ఆ మాట కిటికీలోంచి వీధిలోకి పోయింది. ఒకరి వెనక ఒకరు నలభైమంది భటులు ఆకుల ముందునుంచి లేచి వచ్చి, పోలవ్వ గడప బయట గొడ్డళ్లు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"గడియ సేపేనా, ప్రభూ?" అంది పోలవ్వ చిన్నబుచ్చుకుని. "నేను అందరికీ రెండని చెప్పాను."

అప్పుడు ఎండ మసకబారింది. బోయీలు లేని పల్లకీ ఒకటి గాలిలో తేలుతూ వచ్చి ఇంటి ముందు ఆగింది. ధూమ్రనేత్రుడు దిగాడు. బూడిదరంగు పట్టుబట్టలు, గవ్వల పేరు, కనుపాపలు లేని కళ్లలో సన్నగా సుళ్లు తిరిగే పొగ.

"జాడీ ఇలా తే" అన్నాడు.

పోలవ్వ చెంబు పట్టుకుని గడప మీదికి వచ్చింది. అడుగున మిగిలిన నీళ్లు గలగలమన్నాయి. "రా నాయనా, కాళ్లు కడుక్కో. మా ఊళ్లో మొదటి మాట అది."

ధూమ్రనేత్రుడు చటుక్కున వెనక్కి జరిగాడు. బట్టల అంచు గాలికి లేచింది. దాని కింద పాదాలు లేవు, పొగ తోక ఉంది. వీధి అంతా చూసింది.

"అయ్యో పాపం" అంది పోలవ్వ. "కాళ్లు లేనోడికి నీళ్లెక్కడ పొయ్యను?"

నవ్వు పెళ్లున పేలింది. మాంత్రికుడి ముఖం నల్లబడింది. "గడపకు కట్టుంది" అన్నాడు పళ్లు కొరుకుతూ. "కప్పుకేం కట్టుంది, ముసల్దానా?"

చెయ్యి ఎత్తాడు. సుడిగాలి దిగింది. పోలవ్వ ఇంటి తాటాకు కప్పు విస్తరాకులా లేచిపోయింది. పైనుంచి పొగ తొండం ఒకటి ఇంట్లోకి దిగి, గంపను తన్నేసి, జాడీని చుట్టుకుని పైకి లాగింది.

గండశిలుడు చెయ్యి చాపి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. అతని కాళ్లు ఇంకా తడిగా ఉన్నాయి. ఆ ఇంటి వస్తువును అతను ముట్టుకోరాదు. ఒక్క క్షణం పిచ్చివాడిలా చూసి, "అవ్వా, కొడుకు వస్తువు కాదుగా?" అని అరిచి, రెండు చేతులా తిప్పన నడుం పట్టి ఆకాశంలోకి విసిరాడు.

తిప్పన గాలిలోనే చేతిలోని కావడి బద్ద తాడు ఊడదీసి విసిరాడు. ఉచ్చు జాడీ మెడకు పడింది. పొగ తొండం పైకి లాగుతోంది, తాడు చివర తిప్పన వేలాడుతున్నాడు. ఇళ్లు కిందికి పోయాయి. నెమలిగుట్ట కిందికి పోయింది. ఒక గద్ద పక్కకు వచ్చి చూసి, ఇదేం పక్షో తెలియక తప్పుకుంది.

"జాగ్రత్త!" అంది జాడీ. "మేమెప్పుడూ ఇంత ఎత్తుకు రాలేదు."

"నేను మాత్రం రోజూ వస్తానా, ప్రభూ?"

కింద వీధులు వీధులుగా జనం కదులుతున్నారు. చెంబులూ పళ్లేలూ గరిటెలతో కొట్టుకుంటూ కోట వైపు పోతున్నారు. ముందు పోలవ్వ, పక్కన రంగసాని. గానుగ గరిటె పైకెత్తి అందరికంటే గట్టిగా అరుస్తున్నది కొమ్మయ్య: "అడిగి రండి! అడిగి రండి!" వాళ్ల వెనక చెప్పులు లేని నలభైమంది భటులు. తిప్పన కళ్లు నిండాయి. గాలికే అనుకున్నాడు.

పొగ తొండం కోట మీదుగా మంత్రి మేడ వైపు తిరిగింది. తిప్పన తాడు పట్టుకుని పైకి ఎగబాకి జాడీని చేరాడు. తలగుడ్డ తీశాడు. ఆరు కోసుల పరుగు చెమట అంతా అందులో ఉంది. పళ్లతో ఒక కొస పట్టి, చేత్తో రెండో కొస మెలిపెట్టి, తొండం మీద పిండాడు. చుయ్! తొండం రెండు ముక్కలైంది. తిప్పనా జాడీ కలిసి రాతి చూరు మీద పడి, అక్కడినుంచి పావురాల గూడు మీద పడి, అక్కడినుంచి కోట మూడో అంతస్తు వసారాలో పడ్డారు. జాడీకి గీత కూడా పడకుండా తిప్పన కింద పడ్డాడు.

కావలివాళ్లు ఈటెలతో ఉరికి వచ్చారు.

"దారి వదలండి!" అంది తిప్పన చంకలోని జాడీ. ఈటెలు దించిన చప్పుడు వసారా పొడుగునా వినిపించింది.

చివర రాజుగారి గది. దంతపు గడప, దాని మీద ముత్యాల ముగ్గు. లోపల బంగారు గొలుసుల ఊయల బల్ల మీద కీర్తిభాన మహారాజు బొమ్మలా కూర్చుని ఉన్నాడు. కిటికీలకు కట్టిన పట్టుతెరలు కదలడం లేదు. తిప్పన పరుగున వచ్చి, గడప ముందు ఆగిపోయాడు.

వెనక మెట్ల మీద చుయ్‌మని పొగ పాకివస్తోంది. కావలివాడొకడు కంగారుగా, "పో అన్నా, లోపలికి పో! ఏం చూస్తున్నావు?" అన్నాడు.

"పిలవలేదు" అన్నాడు తిప్పన.

"ఇప్పుడా ఆ మాట!"

"ఇప్పుడే. మా వీధి అంతా ఆ మాట కోసం నడిచి వస్తోంది. నేను ముందు వచ్చి దాన్ని తొక్కనా?"

కావలివాడు పక్కకు జరిగాడు. తిప్పన బురద కాళ్లతో, చిరిగిన పంచెతో నిటారుగా నిలబడి, ఊరంతా అడిగినట్టే అడిగాడు:

"ఇంట్లో ఎవరండీ?"

ఊయల మీద రాజు తల నెమ్మదిగా ఎత్తాడు. ఆరు నెలల్లో మొదటిసారి అతని పెదవులు కదిలాయి. మాట మాత్రం తిప్పన గుండెకు ఆనించుకున్న జాడీలోంచి వచ్చింది.

"నేనే, నాయనా. లోపలికి రా."

తిప్పన కుడికాలు ఎత్తి దంతపు గడప దాటాడు. అదే క్షణంలో పట్టుతెరలన్నీ ఒక్కసారిగా ఉబ్బి, వాటి వెనక కిటికీల్లోంచి పొగ గదిలోకి విరుచుకుపడింది. దీపాలు ఆరిపోయాయి. ఊయల కనబడలేదు. లక్కకు తగలాల్సిన రాజు గోటికీ తనకూ మధ్య పది అడుగులు ఉండాలి. ఆ పది అడుగుల నిండా ధూమ్రనేత్రుడు ఉన్నాడు. ఎటు చూసినా అతని కళ్లే.

"వెనక్కి పోరా, నీళ్లు మోసేవాడా" అంది పొగ నాలుగు వైపులనుంచీ. "ఇది నీ ఇల్లు కాదు."

"నీదీ కాదు" అన్నాడు తిప్పన. "నన్ను ఇంటాయన పిలిచాడు."

జాడీని రెండు చేతులా పొదివి పట్టుకుని, అతను పొగలోకి మొదటి అడుగు వేశాడు.